పాయింట్ల మీద ఆగిపోయే చిన్న ఇంజిన్‌కి

మీ నాలుగు చక్రాల హెచ్‌ఓ (మోడల్ రైళ్లలో ఒక సైజు) షంటింగ్ ఇంజిన్ మామూలు పట్టాల మీద బాగానే వెళ్తోందనీ, పట్టాలు రెండు దారులుగా చీలే పాయింట్ల దగ్గర స్పీడు తగ్గిస్తే ఆగిపోతోందనీ, వేలితో కాస్త తోస్తే మళ్లీ కదులుతోందనీ రాశారు కదా, అయితే మోటార్ విప్పకండి, అది బాగానే ఉంది. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే ఫ్రాగ్ ప్లాస్టిక్‌దైతే అక్కడ కరెంటు ఉండదు. ఒక చక్రం దాని మీదున్నప్పుడు అదే వైపున్న రెండో చక్రమొక్కటే కరెంటు అందుకోవాలి, దానికి మురికి పట్టినా, చక్రం నుంచి మోటార్‌కి కరెంటు అందించే వెనక రేకు తగలకపోయినా బండి ఆగుతుంది.

ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో చక్రాలు తుడవండి. గరుకు కాగితం మాత్రం వద్దండి, ఆ గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది.

తర్వాత ఇంజిన్‌ని తిరగేసి, చక్రాల వెనక రాసుకునే సన్నని రేకుల్ని చూడండి, నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు తప్పు ఇక్కడే ఉంది. ఇరుసుని అటూ ఇటూ జరిపినా రేకు చక్రాన్ని వదలకూడదు. అనుమానముంటే మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంటు దారి తెగకుండా ఉందో లేదో చూపే సెట్టింగ్) పెట్టి, ఒక్కో చక్రానికీ అదే వైపు రేకు తీగకీ మధ్య చూడండి. వదిలేస్తున్న రేకుని ట్వీజర్‌తో కొంచెమే వంచండి, ఎక్కువ వంచితే చక్రానికి బ్రేకు వేసినట్టవుతుంది.