మేత కుర్రాడి జేబులో టవరు

ప్రశ్న: మా రొయ్యల గుంటల కాడ సిగ్నల్ అందదు. సెన్సర్ల లెక్కలు ఇంటికి చేరేదెట్టా సార్? (ఒక రైతు, విడవలూరు)

జవాబు: మేత చల్లే కుర్రాడు పూటపూటా గట్టెక్కుతాడు కదా, అతని జేబులో ఫోనే మీ టవరు. సెన్సర్ కొలిచింది టైముతో సహా దాచుకుని నిద్రపోతుంది. ఫోన్ దగ్గరికొస్తే బ్లూటూత్‌లో ఇచ్చేస్తుంది. ఊళ్లో సిగ్నల్ తగలగానే అది మీకు చేరుతుంది. రేడియో వాడకం తక్కువ కాబట్టి బ్యాటరీ చాన్నాళ్లు వస్తుంది. ఒక్కటి మాత్రం అడిగి తీసుకోండి: ఫోన్ 'అందింది' అనేదాకా సెన్సర్ పాత లెక్క చెరపకూడదు. మా బావమరిదికి ఇది లేకే రెండు రోజుల లెక్క గాల్లో కలిసింది.

ఉప్పదనం, వేడి చూసుకోడానికి ఇది చాలు. ఆక్సిజన్‌కు వద్దండీ! అది పడిపోయేది తెల్లవారుజామున, కుర్రాడు గురక పెట్టే వేళ. దానికి 865 మెగాహెర్ట్జ్ లోరా (సెల్ టవరు లేకుండానే దూరం పోయే చిన్న రేడియో) పెట్టి, షెడ్డులోనే సైరన్ మోగేలా చూసుకోండి.