ఒకేషనల్ పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కి పంపాలా? నా మార్టేరు అనుభవం

"మా అబ్బాయి ఇంటర్ ఒకేషనల్‌లో వ్యవసాయం కోర్సు తీసుకున్నాడు. ఫీల్డ్ ట్రిప్ అంటున్నారు. ఏమైనా ఉపయోగమా, లేక చదువు పాడవడమేనా?" అని అడిగారు. పంపండి. కాకపోతే ఎక్కడికి తీసుకెళ్తున్నారో ముందు కనుక్కోండి. అరకు అంటే మాత్రం అది విహారయాత్ర. దానికి వేరే డబ్బులు, వేరే రోజులు పెట్టుకోవాలి.

నేనూ ఆ కోర్సే చదివాను, రాజోలు వైపు. రెండో ఏడు, సార్వా (వానాకాలం వరి) చేలు ఈనుతున్న, అంటే కంకులు బయటికొస్తున్న రోజుల్లో మా మాస్టారు పద్నాలుగు మందిని మార్టేరు వరి పరిశోధనా కేంద్రానికి తీసుకెళ్లారు. చీకటితోనే బయల్దేరి చించినాడ వంతెన మీద గోదావరి పాయ వశిష్ఠ దాటాం. అంత పొద్దున్నే ఎందుకో అక్కడికి వెళ్లాక తెలిసింది.

తొట్లలో వరి దుబ్బులున్నాయి. అక్కడ పనిచేసే ఒకావిడ చిన్న పీట మీద కూర్చుని, ఒక కంకి పట్టుకుని, పైన అప్పటికే పూసినవీ అడుగున మరీ లేతగా ఉన్నవీ తీసేసి మధ్యవి ఉంచింది. సన్నటి కత్తెరతో ఒక్కో గింజ కొన తుంచింది. లోపల పసుపురంగులో నూలుపోగుల్లాంటి, పుప్పొడి ఉండే కేసరాలు. "ఆరుంటాయి నాయనా, లెక్కపెట్టు. ఒక్కటి మిగిలినా పనంతా పోయినట్టే" అంది. పట్టకారు నా చేతికిచ్చింది. నేను మూడు గింజలు చేసేసరికి ఆవిడ కంకి మొత్తం పూర్తిచేసి కాగితం సంచి తొడిగేసింది. మర్నాడు ఇంకో రకం పుప్పొడి దాని మీద దులుపుతారట. ఎండెక్కితే పూలు వాటంతటవే విచ్చుకుని సొంత పుప్పొడి పడిపోతుంది, ఇక సంకరం చెయ్యడానికి, అంటే రెండు రకాల్ని కలపడానికి కుదరదు. అందుకే ఆ తెల్లవారుజాము ప్రయాణం.

అప్పుడు మాస్టారు స్వర్ణ అనే వరి రకం గురించి చెప్పారు. అది 1982లో ఆ కేంద్రం నుంచే విడుదలైంది, ఎంటీయూ 7029 అంటే అదే. వశిష్ఠ అనే వరి రకాన్ని మసూరితో కలిపితే వచ్చిందట. పొద్దున మేం దాటిన ఏటి పేరే ఆ రకానికి! ఒరిస్సా, బెంగాల్ రైతులు కూడా విరివిగా వేసే ధాన్యం మన పక్కూళ్లో పుట్టిందని విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇంటికొచ్చి నాన్నకి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఏళ్ల తరబడి 7029 వేస్తున్న మనిషి ఆయన. "ఎంటీయూ అంటే మార్టేరా?" అని మాత్రం అడిగారు.

ఆ కేంద్రం 1925 నుంచీ ఉంది. దాని చుట్టుపక్కల ఎన్నో కాలేజీలున్నా, లోపల అడుగుపెట్టని పిల్లలు బోలెడు మంది. ధవళేశ్వరం బ్యారేజీ, అంబాజీపేట కొబ్బరి పరిశోధనా కేంద్రం, కోరింగ మడ అడవులు, అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. అవి వదిలేసి పిల్లల్ని కొండలెక్కిస్తారు. పోనీ వెళ్లొచ్చాక రాసే రికార్డయినా సొంతమా అంటే, నిరుటి సీనియర్లది చూసి ఎక్కించడమే. ఆ రికార్డుకి మార్కులేసే పద్ధతి మారనంత కాలం ఈ ట్రిప్పులు బాగుపడవు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మా క్లాసులో ఇద్దరు ఆడపిల్లల్ని ఆ రోజు ఇంట్లోవాళ్లు పంపలేదు. నాట్లు వేసేదీ కలుపు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఆ కత్తెర పట్టుకున్నదీ ఆడమనిషే. మీకు అమ్మాయి ఉంటే ఆ అమ్మాయినీ పంపండి. ఎంపీసీలో సీటు రాక ఇందులో చేరారా అని అడిగే బంధువుల మాట అసలు పట్టించుకోకండి.

ఇప్పుడు నేను రెండెకరాల్లో విత్తనం వడ్లు పండిస్తున్నాను. ఈనిక టైములో కేళీలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు ఏరడానికి రోజూ చేలో దిగుతాను. ఎత్తులోనో ఆకు రంగులోనో కంకిలోనో తేడాగా కనిపించిన ప్రతి దుబ్బునీ వేళ్లతో సహా పీకేస్తాను. ఆ చూపు నాకు పుస్తకంలోంచి రాలేదు.

మీ అబ్బాయి కాలేజీవాళ్లతో మాట్లాడేటప్పుడు రెండే అడగండి. వరి ఈనే రోజుల్లో తీసుకెళ్తారా? ఎండెక్కకముందే చేరతారా? పది గంటలకి బస్సు దిగితే ఆ కత్తెర పని చూడటం కుదరదు.