జపాన్ విద్యార్థికి 'రైట్', 'లైట్' తేడా పట్టుబడాలంటే

మీ టోక్యో విద్యార్థి 'రైట్'నీ 'లైట్'నీ ఒకేలా పలుకుతున్నాడని, వందసార్లు చెప్పించినా మారలేదని రాశారు. కొన్నాళ్లు పలికించడం ఆపి, ముందు వినిపించండి. జపనీస్‌లో ఈ రెంటికీ కలిపి ఒకటే ధ్వని, కాబట్టి అతని చెవికే తేడా అందడం లేదు. ఐదారుగురి గొంతుల్లో రికార్డు చేసిన రైట్-లైట్, రోడ్-లోడ్ లాంటి జంటలు వినిపించి, ఏది విన్నాడో అడగండి. తప్పో ఒప్పో వెంటనే చెప్పండి. 1990లలో జపనీయులతో చేసిన ప్రయోగాల్లో ఇలా వినడం సాధన చేసినవాళ్ల ఉచ్చారణ కూడా మెరుగుపడింది.

ఆ తర్వాత నాలుక. 'ల'కి కొన పైపళ్ల వెనక ఆనాలి. ఇంగ్లిష్ 'ర'కి కొన ఎక్కడా తగలకూడదు. ఇక్కడ మీరూ జాగ్రత్తండీ! మన తెలుగు 'ర'లో కొన తగులుతుంది, అది జపనీస్ ధ్వనికి చాలా దగ్గర. మీరు అదే పలికితే అతనికి దారి దొరకదు.

'స్ట్రైక్'ని 'సుతొరైకు' అనడం వేరే సమస్య. మనం బస్సు, కారు అన్నట్టే హల్లుకి అచ్చు చేర్చే అలవాటు. జపనీస్ లెక్కలో ఆ మాటకు ఐదు చప్పట్లు (సు-తొ-ర-ఇ-కు), ఇంగ్లిష్‌లో ఒక్కటే. చప్పట్లు కొట్టిస్తూ 'రైక్', 'ట్రైక్', 'స్ట్రైక్' అని వెనకనుంచి కట్టుకుంటూ రండి. అతను టెన్షన్ పడుతున్న రోజు మాత్రం వినడంతోనే సరిపెట్టండి.