వెబ్ డైరెక్టరీని తీరికగా తిరగేయడం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రోజూ అవే నాలుగైదు సైట్లు తిప్పి తిప్పి విసుగు పుడుతోందనీ, సరదాగా కాలక్షేపం చేయదగ్గవి ఇంటర్నెట్‌లో ఇంకెక్కడున్నాయో అంతుపట్టడం లేదనీ నీవు రాశావు. సెర్చ్ ఇంజిన్‌ను అడగాలంటే అడిగేదాని పేరైనా, పోలికైనా ముందే మనసులో ఉండాలి. అసలు ఉన్నదనే తెలియనిదాన్ని వెతికిపెట్టమని ఎలా అడుగుతాం? సామాజిక మాధ్యమాల సంగతి సరేసరి, నిన్న నీవు ఆగి చూసిన రకాన్నే ఇవాళ మళ్లీ తెచ్చి ముందు పెడతాయి. ఈ రెండింటికీ అందని చోట్లకు వెళ్లాలంటే, మనుషులు స్వయంగా చూసి, ఏరి, విభాగాలవారీగా సర్దిన వెబ్ డైరెక్టరీని పట్టుకోవడం మేలు.

ఒకప్పుడు వెబ్‌లో చాలామంది దారి చూసుకున్నది డైరెక్టరీలతోనే. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్లతో తయారుచేసుకున్న జాబితాయే తరువాత యాహూ అయింది. 1998లో మొదలైన ఓపెన్ డైరెక్టరీని, అంటే అందరూ డీమోజ్ అని పిలిచినదాన్ని, వేలాదిమంది స్వచ్ఛంద సంపాదకులు జీతం లేకుండానే నడిపారు. యాహూ డైరెక్టరీ 2014 చివర్లోనూ, డీమోజ్ 2017 మార్చిలోనూ మూతపడ్డాయి. డీమోజ్‌కు వారసురాలిగా కర్లీ నడుస్తోంది. బ్లాగుల కోసమే 2022లో ఫిల్ గైఫర్డ్ ప్రారంభించిన ఊ డైరెక్టరీ (ooh.directory) ఉంది. అందులో ఏ బ్లాగులో చివరి టపా ఎప్పుడు వచ్చిందో పక్కనే కనిపిస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఒకదానితో మొదలుపెట్టు.

మొదలుపెట్టగానే అక్కడ కనిపించే వెతుకుడు పెట్టెలో ఏమీ టైపు చేయవద్దు. అలా చేస్తే సెర్చ్ ఇంజిన్‌కూ దీనికీ తేడా లేకుండా పోతుంది. గ్రంథాలయంలో ఒక పుస్తకం కోసం వెళ్లినవాడికి దాని పక్కనున్న పుస్తకం కంటపడినట్టు, డైరెక్టరీలో కూడా అసలు లాభమంతా ఇరుగుపొరుగులోనే ఉంటుంది. ఉదాహరణకు కర్లీలో వినోదకాలక్షేపాల విభాగంలోకి దిగితే ప్రయాణాలూ పెంపుడు జంతువులూ ఎలాగూ ఉంటాయి. కానీ వాటి నడుమ గాలిపటాలకొక విభాగం, రైళ్లకొకటి, చివరకు రోడ్లకూ రహదారులకూ కూడా ఒకటి ఉన్నాయి. రోడ్లలో చూడడానికి ఏముంటుందని దాటిపోవద్దు. దారి చూపే బోర్డుల ఫోటోలు ఏళ్ల తరబడి సేకరించేవారు, వాడకం ఆగిపోయిన పాత రోడ్డు ముక్కలను వెతుక్కుంటూ వెళ్లి వాటి చరిత్ర రాసేవారు లోకంలో ఉన్నారని నీకు మరో మార్గంలో తెలిసేది కాదు. నా అనుభవంలో, పెద్ద పేరున్న విభాగాలకంటే ఇటువంటి వింత విభాగాలే ఎక్కువ వినోదాన్ని ఇచ్చాయి. డీమోజ్‌లోనూ పాత యాహూలోనూ విభాగం పేరు చివర యాట్ గుర్తు (@) ఉంటే అది డైరెక్టరీలోని మరో విభాగంలోకి దారి తీస్తుందని అర్థం. ఇప్పటి డైరెక్టరీలలో కూడా సంబంధిత విభాగాలంటూ అటువంటి అడ్డదారులు ఉంటాయి. వాటిని వదలకు.

సైటు పేరు చూసి నొక్కవద్దు, దాని కింద సంపాదకుడు రాసిన ఒకటి రెండు వాక్యాలను చదువు. వర్ణనలో పొగడ్తలు ఉండరాదని, ఆ సైటులో ఏముందో మాత్రమే చెప్పాలని డీమోజ్ తన సంపాదకులకు నియమం పెట్టింది. ఆ నియమం నీకు గీటురాయిగా పనికొస్తుంది. ఏ డైరెక్టరీలోనైనా ప్రతి వర్ణనలోనూ అత్యుత్తమం, నంబర్ వన్ అన్న మాటలే కనిపిస్తుంటే, ఆ మాటలు సైటు యజమానులవే తప్ప ఏరినవారివి కావు. డబ్బు తీసుకుని చేర్చుకునే డైరెక్టరీలు మొదటినుంచీ ఉన్నాయి. యాహూ కూడా ఒక దశలో వ్యాపార సైట్లను పరిశీలించి చేర్చడానికి ఏడాదికి 299 డాలర్లు వసూలు చేసింది. కొనుగోళ్ల విషయంలో అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు గానీ, వినోదం వెతుక్కునేవాడికి అక్కడ దొరికేది తక్కువ.

నచ్చినవాటిని ఒక్కొక్కటి కొత్త ట్యాబ్‌లో తెరిచి, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలైనా ఇవ్వు. ఉదాహరణకు 2016లో వచ్చిన రేడియో గార్డెన్ అనే సైటు తెరవగానే కనిపించేది పచ్చటి చుక్కలతో నిండిన భూగోళం ఒక్కటే. దాన్ని వేలితో తిప్పి ఒక చుక్క మీద ఆపితే, ఆ ఊరి రేడియో కేంద్రం ఆ క్షణంలో ప్రసారం చేస్తున్నది నీకు వినిపిస్తుంది. పైపైన చూసి మూసేసినవాడికి దాని రుచి తెలియదు. ఒక సైటు నిజంగా నచ్చితే అంతటితో ఆగకుండా, దాని యజమాని తనకు ఇష్టమైన సైట్ల జాబితా ఎక్కడైనా పెట్టాడేమో చూడు. ఒకే పిచ్చి ఉన్నవాళ్లకు ఒకరి ఆచూకీ ఒకరికి తెలిసినంతగా ఏ సంపాదకుడికీ తెలియదు.

పాత డైరెక్టరీలలో పనిచేయని లింకులు తగులుతూనే ఉంటాయి, విసుక్కోవద్దు. ఆ చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అతికిస్తే, ఆ పేజీ ఒకప్పటి రూపం చాలాసార్లు దొరుకుతుంది. అంతకంటే జాగ్రత్త పడవలసినది వేరే ఉంది. గడువు తీరిన చిరునామాలను ఇతరులు కొని జూదానికో, ప్రకటనలకో వాడుకుంటారు. వర్ణనలో పక్షుల పాటలని ఉండి, తెరిస్తే పందేల పేజీ వస్తే వెంటనే మూసెయ్యి. నోటిఫికేషన్లకు అనుమతి, ఫోన్ నంబరు, ఏదైనా డౌన్‌లోడ్ అడిగే చోట ఆగనే వద్దు.

దొరికినవాటిని బుక్‌మార్కులలో కుప్పగా పడేయకుండా, పేరు పక్కన అది ఎందుకు నచ్చిందో నీ మాటల్లో ఒక్క వాక్యం రాసుకో, ఆరు నెలల తరువాత ఆ వాక్యం లేకపోతే ఆ లింకు ఏమిటో నీకే గుర్తుకు రాదు. ఆ జాబితాలో ఉన్నదేదైనా డైరెక్టరీలో కనిపించకపోతే సంపాదకులకు సూచించు; కర్లీలో సరిపోయే విభాగంలోకి వెళ్లి ఎవరైనా సైటును సూచించవచ్చు, అయితే వారు చూసి చేర్చడానికి చాలాకాలం పట్టవచ్చు. ఆ జాబితా ఒక ప్రతి నాకూ పంపు.

ఇట్లు,
మామయ్య