నోటీసు ఆన్‌లైన్‌లో పెడితే చాలా? ఊళ్లో కాగితం అంటించక్కర్లేదా?

రోడ్డుకి మీ పొలం తీసుకుంటున్నారనీ, నోటీసు అడిగితే ‘ఆన్‌లైన్‌లో ఉంది, చూసుకోండి’ అన్నారనీ రాశారు. 2013 భూసేకరణ చట్టం కింద అయితే అదొక్కటే చాలదు. 11వ సెక్షన్ ప్రకారం గెజిట్‌లో, ఒకటి తెలుగుదయ్యేలా రెండు దినపత్రికల్లో, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వేయాలి. పంచాయతీ, తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ ఆఫీసుల్లో తెలుగులో పెట్టాలి. భూములు పోయే ఊళ్లోనూ తెలియజేయాలి, గ్రామసభకి చెప్పాలి.

ఇన్ని ఉన్నా మాకు తెలియలేదు. మాది పలాస వైపు పల్లె. కాలువ పనికి మా జీడితోటలో కొంత పోతుందన్నప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. నాన్నకి స్మార్ట్‌ఫోన్ ఉంది గానీ అందులో ఆయన చూసేది మనవరాలి వీడియోలే. గోడకి అంటించిన కాగితం వాన జల్లుకి సగం ఊడింది, మిగిలిన సగం మీద ఇంకేదో జాబితా అంటించేశారు. వెబ్‌సైట్‌లో పెట్టింది స్కాన్ చేసిన బొమ్మ. సర్వే నంబర్ కొట్టి వెతికితే ఏమీ రాదు, ఫైలు పేరు చూస్తే ఉత్త అంకెలు. చివరికి టీ కొట్టు దగ్గర ఎవరో అంటే నాన్నకి తెలిసింది. అభ్యంతరాలకి ఇచ్చే 60 రోజుల్లో అప్పటికి తొమ్మిదే మిగిలాయి. ఆ టెన్షన్ ఏం చెప్పమంటారు!

అయితే ఆ రాత్రి ఆదుకున్నదీ ఆ పీడీఎఫ్ఫే. ఉన్నచోటే కూర్చుని పేజీ పేజీ పెద్దది చేసి చూస్తే, మాకు పోయేది 40 సెంట్లయితే 64 సెంట్లు అని పడింది. నాన్న పొద్దున్నే వెళ్లి కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకున్నారు. మళ్లీ కొలిచి సరిచేశారు. ఊరు వదిలి వచ్చిన మాలాంటి వాళ్లకి ఆన్‌లైన్ కావాలి, నాన్నలాంటి వాళ్లకి గోడ మీద కాగితమో దండోరానో కావాలి. అప్‌లోడ్ చేసేశాం, పనైపోయింది అనుకోవడంతోనే నాకు పేచీ.

మీది జాతీయ రహదారి అయితే మాత్రం కంగారుపడాల్సిందే. దాని చట్టం వేరు, గడువు గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజులే. కేంద్ర గెజిట్‌ని 2015 అక్టోబర్ నుంచి అచ్చు వేయడం లేదు, ఆన్‌లైన్‌లోనే వస్తుంది. అక్కడ కాగితం అంటించలేదని వాదిస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. ముందు నోటీసు మీద ఏ చట్టం పేరుందో, ఏ తేదీ ఉందో చూడండి. ఆ ఫైలు ఇవాళే దించుకోండి, పంచాయతీ ఆఫీసు బోర్డుని ఫోటో తీసి ఉంచండి.