తక్కువ తిన్నా ఒళ్లెందుకు చేస్తున్నాను?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల బరువు గురించే. అందరికీ విడివిడిగా జవాబు రాయడం కుదరదు కాబట్టి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాం. మిగిలినవాళ్ల సందేహాలు కూడా చాలావరకు వీటిలోనే తీరతాయి.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. పిల్లల క్యారేజీలు, మా ఆయన టిఫిన్ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది, ఇక అప్పుడు తినబుద్ధి కాక రెండుసార్లు టీ తాగి ఊరుకుంటాను. మధ్యాహ్నం మూడింటికి అన్నం, మళ్లీ వెంటనే టీ. రాత్రి అందరూ తిన్నాక మిగిలింది పారేయలేక నేనే తినేస్తాను. ఇంట్లో అందరికంటే తక్కువ తినేది నేనే, లావుగా ఉన్నదీ నేనే. మొన్న రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. "ఇంత ఒళ్లున్నదానికి రక్తం లేకపోవడం ఏంటి" అని మా అత్తగారు నవ్వారు. ఈ రెండూ ఒకే మనిషికి ఉంటాయా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: ఉంటాయండీ, మన దగ్గర చాలామందికే ఉన్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు, రక్తహీనత ఉన్నవాళ్లు 58.8 శాతం. తెలంగాణలో ఆ అంకెలు 30.1, 57.6. మీ అత్తగారికి వింతగా అనిపించింది కానీ, ఒంట్లో కొవ్వు నిల్వ ఉన్నంత మాత్రాన రక్తంలో ఇనుము ఉన్నట్టు కాదు. ఒకటి మిగిలిపోయిన శక్తి, రెండోది అందని పోషకం.

మీరు తక్కువ తింటున్నారంటే నేను నమ్ముతున్నాను. కానీ మీ కంచంలోకి ఏం వస్తోందో ఒకసారి చూడండి. అందరూ తిన్నాక కూర గిన్నెలో అడుగున ఉన్న పులుసు, రెండు ముక్కలు, ఇంత పచ్చడి, కాస్త మజ్జిగ, వీటన్నిటికీ తోడు గిన్నెడు అన్నం మిగులుతాయి. గుడ్డు పిల్లలకి, చేప ముక్క ఆయనకి, పప్పు అత్తగారికి అయిపోయి ఉంటుంది. చివర తినే మనిషికి అన్నమే మిగులుతుంది, పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపు ఆ అన్నాన్నే అడుగుతుంది. పైగా అందరి తర్వాత తిని వెంటనే పడుకుంటూ ఉండొచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లు లావెక్కడానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం. దీన్ని తిండిపోతుతనం అనేవాళ్లని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

మన అన్నానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం మొదలుపెట్టింది, అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, ఆ మేలుని ఎవరూ కాదనలేరు. అయితే బియ్యం చౌకయ్యేకొద్దీ జొన్నలు, రాగులు, కొర్రలు వంటింట్లోంచి తప్పుకున్నాయి, పప్పుల ధరలు మాత్రం తగ్గలేదు. ఈజిప్టులో కూడా ఇలాంటిదే జరిగింది. అక్కడ ప్రభుత్వం ఏళ్ల తరబడి రొట్టె, నూనె, చక్కెర సబ్సిడీ మీద ఇస్తోంది. ఆడవాళ్లలో ఊబకాయం ప్రపంచంలోనే బాగా ఎక్కువున్న దేశాల్లో అదొకటి, రక్తహీనత మాత్రం అక్కడా పోలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజూ తినే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. మీ కంచంతో పోల్చి చూసుకోండి.

ఇక మీరు చేయాల్సింది. అందరితో పాటు కూర్చుని తినండి, ముందుగా మీ కూర, మీ పప్పు, మీ గుడ్డు మీ కంచంలో పెట్టుకుని కూర్చోండి. దీనికి ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నం సగం చేసి ఆ సగంలో పప్పు, ఆకుకూర, ఉడికించిన శనగలు పెంచండి. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున అందరూ పులిహోర చేసుకుని తినండి, మీరొక్కరే మింగాల్సిన పని లేదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, కనీసం గంట ఆగండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే అదే ఇనుము బాగా పడుతుంది. టీకి రెండు చెంచాల చొప్పున పంచదార వేసుకుంటే రెండు టీలకే దాదాపు 20 గ్రాములవుతుంది, రోజు మొత్తానికి అంతకన్నా పెద్దగా పెరగకూడదు.

నూనె లెక్క కూడా చూడండి. అదే సంస్థ లెక్కలో 2000 కేలరీలు తినే మనిషికి వంటకి వాడే నూనె, వేసుకునే నెయ్యి కలిపి రోజుకి 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు కూడా దాటకూడదన్నమాట. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో ఈ నెల రాసుకోండి.

హిమోగ్లోబిన్ 9.6 తిండి ఒక్కదానితో వేగంగా పెరగదు, డాక్టర్ సలహాతో ఐరన్ మాత్రలు వాడాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువవుతుంటే అది తప్పకుండా చెప్పండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, 30.8 వస్తుంది. మనవాళ్లకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వస్తుంది కాబట్టి మన డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కేస్తారు. భయపడకండి, మీ బరువులో 5 శాతం, అంటే నాలుగు కిలోల లోపు తగ్గినా బీపీ, షుగర్ ముప్పు తగ్గడం మొదలవుతుంది. ఆరు నెలల్లో ఆ నాలుగు కిలోలు తగ్గితే చాలు, నెలలో పది కిలోలు తగ్గాలని పెట్టుకోకండి.

ప్రశ్న: రెండో కాన్పు తర్వాత మా ఆవిడ 18 కిలోలు పెరిగింది. బాబుకి ఇప్పుడు ఏడాదిన్నర. వాకింగ్‌కి వెళ్లమంటే టైమ్ లేదంటుంది, జిమ్‌కి డబ్బులు కడతానన్నా వెళ్లదు. సాయంత్రం టీవీ చూడటానికి మాత్రం టైమ్ ఉంటుంది. ఆమెకి పట్టుదల ఎలా తెప్పించాలి?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: పట్టుదల గురించి తర్వాత మాట్లాడదాం, ముందు ఆమె రోజు గురించి మాట్లాడదాం. 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పనిలో చేయి వేసే మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని చూసుకోవడం ఈ లెక్కలో లేదు. మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్లు 2022 నాటికి 57 శాతం, మగవాళ్లు 42 శాతం అని కూడా ఒక అంతర్జాతీయ అధ్యయనంలో తేలింది. రోజంతా పనిచేసే మనిషికి శ్రమ లేదనడం ఏమిటని మీకు అనిపించొచ్చు. పొయ్యి దగ్గర నిలబడటం, కూర్చుని కూరలు తరగడం, పిల్లాడిని ఎత్తుకోవడం మనిషిని అలసిపోయేలా చేస్తాయి కానీ గుండె వేగం పెంచి కొవ్వు కరిగించేంత కదలిక వాటిలో ఉండదు. ఆ అలసటతోనే ఆమె టీవీ ముందు కూర్చుంటోంది.

దానికి తోడు బాలింతకి మన ఇళ్లలో కదలొద్దు, కూరగాయలు పడవు, నెయ్యన్నం తిను అంటారు. నిద్ర సరిగా లేకపోతే ఆకలి పెరుగుతుంది, తీపి మీద మనసు పోతుంది. మొదటి ఏడాదిలో దిగని బరువు చాలామందిలో అలాగే నిలిచిపోతుంది, అందుకే మీరు ఇప్పుడు పట్టించుకోవడం మంచిదే.

జిమ్ డబ్బులు అలా ఉంచండి, రోజూ ముప్పావుగంట పిల్లలిద్దరినీ మీరు చూసుకోండి. ఆమె ఎక్కడ నడుస్తుందో కూడా మీరే వెళ్లి చూడండి, వీధి దీపాలున్నాయా, కుక్కలున్నాయా, మాటలనే కుర్రాళ్లున్నారా? దగ్గర్లో స్కూల్ గ్రౌండ్ ఉంటే ఉదయం తెరుస్తారేమో అడగండి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే ఏటా పరీక్ష తప్పనిసరి. ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే బరువు సంగతి పక్కన పెట్టి ముందు దానికి డాక్టర్‌ని కలవండి. సాయంత్రం మీరు మిర్చి బజ్జీలు కట్టించుకుని వస్తుంటే అది కూడా మానండి.

ప్రశ్న: తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇంటి పని చేసి వచ్చాను. 52 కిలోలదాన్ని 70 అయ్యాను. ఊళ్లో అందరూ "కువైట్ తిండికి బలిసింది" అంటున్నారు. అక్కడ నేను తిన్నది వాళ్లు వదిలేసిన అన్నం, రొట్టెలు, శీతల పానీయాలే. గడప దాటనివ్వలేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పి. లావు డబ్బున్నవాళ్ల జబ్బు కదా, నాకెందుకు వచ్చింది?
– రాజంపేట దగ్గర ఒక పల్లె నుంచి

జవాబు: అమ్మా, ముందు ఆ మాటలు మనసులో పెట్టుకోకండి, మీరు కష్టపడి ఇల్లు నిలబెట్టి వచ్చారు. లావు ఒకప్పుడు మన దగ్గర డబ్బున్నవాళ్లలోనే ఎక్కువ, ఇప్పుడు కాదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే దాదాపు మూడోవంతు ఆడవాళ్లు అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తం మీద 1990లో నూటికి 1.2 మంది స్త్రీలకి ఊబకాయం ఉంటే 2022 నాటికి అది 9.8కి చేరింది. చౌకగా దొరికేవి బియ్యం, నూనె, మైదా, పంచదార. నాట్లకీ కోతలకీ యంత్రాలు వచ్చాయి. బ్రెజిల్ లాంటి దేశాల్లో చదువు, డబ్బు తక్కువున్న ఆడవాళ్లలోనే ఊబకాయం ఎక్కువగా పెరిగింది, మనమూ అటే వెళ్తున్నామని నా భయం.

మీ ఊరి ఆశా కార్యకర్తని అడగండి, 30 దాటినవాళ్లకి ఆమె నింపే ఫారంలో నడుము కొలత కూడా ఉంటుంది. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. బీపీ, షుగర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) ఉచితంగా చూస్తారు. మీ ప్రాంతంలో రాగి సంకటి ఇంకా తింటారు కదా, అన్నానికి తోడుగా కాకుండా అన్నానికి బదులుగా ఒక పూట అదే, పప్పు, ఆకుకూరతో తినండి. ముద్ద పెద్దదైతే లాభం లేదు. మోకాళ్లు నొప్పి పెడుతుంటే ఒకేసారి ఎక్కువ దూరం నడవొద్దు, పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టి దించడం రోజూ చేస్తే తొడ కండరం గట్టిపడి మోకాలి మీద భారం తగ్గుతుంది.

ప్రశ్న: మా వీధిలో ఒకావిడ పొడి అమ్ముతోంది, నెలకి పది కిలోలు గ్యారంటీ అంటోంది. ఇంకొకరు ఇంజెక్షన్ మంచిదంటున్నారు. ఏది వాడాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: పొడి వద్దు. నెలకి పది కిలోలంటే దిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది, జుట్టు రాలుతుంది, మానేశాక బరువు మళ్లీ వస్తుంది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు నిజమైన మందులే, బరువు తగ్గిస్తాయి, కానీ అవి ఎవరికి అవసరమో డాక్టర్ చూసి రాయాలి, గర్భం ప్లాన్ చేసుకునేవాళ్లు వాడకూడదు, ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది. మీరు మీ ఎత్తు, బరువు రాయలేదు. ఫ్రెండ్స్‌తో పోల్చుకుని లావనుకుంటున్నారేమో, ముందు కొలుచుకోండి. నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే గైనకాలజిస్ట్‌ని కలిసి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకి వచ్చే సమస్య) ఉందేమో చూపించుకోండి. ఆ పొడికి డబ్బు కట్టేసి ఉంటే వెనక్కి అడగండి, ఇవ్వకపోయినా సరే, తాగకండి.