సీడీ కాపీ చేస్తే ఒక్కో పాటా ఒక్క కేబీయేనా?

ప్రశ్న: కచేరీలు, కీర్తనలు, పాత సినిమా పాటలు కలిపి నా దగ్గర 180 దాకా సీడీలున్నాయి. ప్లేయర్ పాడైంది. క్వాలిటీ తగ్గకుండా ‘ఫ్లాక్’ అనే రకం ఆడియో ఫైళ్లలోకి మార్చుకోమని మా అబ్బాయి చెప్పాడు. సీడీలో ఉన్న ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. ఒక్కోటీ 1 కేబీ అని చూపిస్తోంది, పాట మాత్రం రావట్లేదు. సీడీలు పోయినట్టేనా?
– ఒక రిటైర్డ్ లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, సీడీలకు ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. మీరు కాపీ చేసిన, పేరు చివర సీడీఏ అని కనిపించే ఫైళ్లు పాటలు కావు. ఫలానా పాట డిస్కులో ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పే చీటీలు. ఒక్కోటీ నిజానికి 44 బైట్లే. మనిషిని వెంటబెట్టుకు రమ్మంటే చిరునామా రాసుకొచ్చారన్నమాట! పాటను డిస్కులోంచి చదివి ఫైలుగా మార్చాలి. దాన్నే రిప్పింగ్ అంటారు.

విండోస్‌లో ఉచితంగా దొరికే ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మ్యాక్ అయితే ‘ఎక్స్‌ఎల్‌డీ’. విండోస్ మీడియా ప్లేయర్ కూడా ఫ్లాక్‌లోకి మారుస్తుంది గానీ, గీత పడ్డ చోట సరిగ్గా చదివిందో లేదో మీకు చెప్పదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీని సెక్యూర్ మోడ్‌లో పెడితే ప్రతి ముక్కనీ కనీసం రెండుసార్లు చదువుతుంది. తేడా వస్తే మళ్లీ మళ్లీ చదువుతుంది. అందుకే నెమ్మది.

ఇదే సీడీని రిప్ చేసిన ఇతరుల ఫలితాలతో మీది పోల్చి చూసే ‘యాక్యురేట్‌రిప్’ సదుపాయం కూడా ఇందులో ఉంది. కాకపోతే మన తెలుగు సీడీలు చాలావాటికి అక్కడ జోడీ దొరకదు. అప్పుడు ‘టెస్ట్ అండ్ కాపీ’ వాడండి. ఒకే పాటను రెండుసార్లు చదివి, రెండింటికీ సీఆర్‌సీ అనే కోడ్ చూపిస్తుంది. రెండూ ఒకటే అయితే ధీమాగా ఉండొచ్చు. మా ఇంట్లో ఒక కచేరీ సీడీలో ఏడో ట్రాక్‌కి రెండూ కలవలేదు. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు నిలువుగా తుడిచి పెట్టాక కలిశాయి. గుండ్రంగా మాత్రం తుడవకండి. లేబుల్ ఉన్న వైపు మరీ జాగ్రత్త, పాటలున్న పొర ఆ రంగు కిందే ఉంటుంది.

ఆడియో సీడీలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ. ఫ్లాక్‌లో అది సుమారు సగానికో, కాస్త ఎక్కువకో తగ్గుతుంది. జిప్ ఫైలులాగా సైజు తగ్గుతుందే తప్ప పాటలో ఏదీ పోదు. గంట లెక్కన 180 సీడీలకు 60–70 జీబీ చాలు. అసలు శ్రమంతా పేర్లతోనే. చాలా సీడీలకు పాటల పేర్లు వాటంతట అవి రావు, కూర్చుని టైప్ చేసుకోవాలి. రోజుకు రెండు సీడీల చొప్పున పెట్టుకోండి. కీర్తనలకు రాగం పేరు కూడా ఇప్పుడే రాసిపెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక.

ప్రశ్న: నా దగ్గరున్న ఒక సీడీలో 120 పాటలున్నాయి. దాన్నీ ఫ్లాక్ చేసుకోవచ్చా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: వద్దండీ. ఆడియో సీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. 120 పాటలున్నాయంటే అది కచ్చితంగా ఎంపీ3 సీడీ, అంటే సైజు తగ్గించడానికి పాటలో కొంత వదిలేసిన ఫైళ్లున్న సీడీ. ఆ ఫైళ్లను మామూలుగా కాపీ చేసుకుంటే సరిపోతుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే సైజు పెరుగుతుంది, పోయిన నాణ్యత తిరిగి రాదు. నీళ్లు కలిపిన పాలను పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన మీగడ కట్టదు కదా.

ప్రశ్న: బ్లూటూత్ స్పీకర్‌లో ఫ్లాక్ వింటే తేడా తెలుస్తుందా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: బ్లూటూత్ మామూలుగా దారిలో పాటను మళ్లీ కుదిస్తుంది. నిజం చెప్పాలంటే 320 కేబీపీఎస్ (బాగా ఎక్కువ నాణ్యత గల) ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా నాకూ దొరకదు. అయినా ఫ్లాక్‌లోనే దాచుకోమంటాను. ఫోన్‌కో కారుకో కావాలంటే దాన్నుంచి ఎప్పుడైనా ఎంపీ3 చేసుకోవచ్చు. ఇంట్లో వినడానికైతే ల్యాప్‌టాప్‌ను వైరుతో ఆంప్లిఫయర్‌కు కలపండి. ఇంకో హార్డ్‌డిస్క్‌లో కాపీ పెట్టేదాకా సీడీలు ఎవరికీ ఇచ్చేయకండి.